మూడెకరాల మెట్ట: ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారి పేరున మూడెకరాల మెట్ట ఉంది. ఉద్యోగం మానేసి అందులో రసాయనాలు లేని సాగు చేద్దామనుకుంటున్నారు. భూమి హక్కులు, రాజ్యాంగ హక్కుల మీద పనిచేసేవాళ్లలోనూ, చిన్న సాగు చేసేవాళ్లలోనూ నాకు దగ్గరివాళ్లు ఎవరు, ఎవరి పని నమ్ముకోవచ్చు, ముందు ఎవరిని కలవాలి అని అడిగారు.

ఇరవై రెండేళ్లుగా నేను ఈ రెండు రకాల మనుషుల మధ్యే తిరుగుతున్నాను. పొద్దున పొలం గట్టు మీద, మధ్యాహ్నం తహసీల్దారు ఆఫీసు వరండాలో గడిచిన రోజులు లెక్కలేనన్ని. మీ మనసంతా మట్టి మీదే ఉందని ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. అయినా ముందు కాగితాలు చూసే మనిషి దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాతే పొలం మనిషి దగ్గరికి.

ఇలా ఎందుకు అంటున్నానంటే, నేను తిరగేసి చేసి నష్టపోయాను. మా నాన్న చేసిన ఎకరా ఇరవై సెంట్లలో మూడేళ్లు పెంట తోలాను, పచ్చిరొట్ట వేసి కలియదున్నాను, నేల ఒక దారికి వచ్చింది. నాలుగో ఏడు బోరు కోసం బ్యాంకులో తనఖా పెట్టబోతే ఆ సర్వే నంబర్ నిషేధిత జాబితాలో ఉందన్నారు. అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద పెట్టే జాబితా. అందులో ఎక్కిన భూమిని అమ్మలేం, తనఖా పెట్టలేం, పిల్లలకు దానంగా రాసివ్వలేం. విచారిస్తే తేలిందేమిటంటే, ఆ సర్వే నంబర్‌లో ఒక సబ్‌డివిజన్ ఎప్పుడో ప్రభుత్వం పేదలకు పంచి ఇచ్చిన (అసైన్ చేసిన) భూమి. జాబితా రాసినవాళ్లు ఆ ముక్క ఒక్కటే రాయకుండా నంబర్ మొత్తం ఎక్కించేశారు. మాది పట్టా భూమి. మాకు నోటీసు లేదు, చాటింపు లేదు. ఆ టెన్షన్‌తో ఆ ఏడు విత్తనం కూడా సరిగ్గా వేయలేదు.

మా భూమిని ఆ జాబితాలోంచి బయటికి తెచ్చిన లాయర్ గారే నేను మీకు చెప్పదలచిన మొదటి మనిషి. ఆవిడ చేసిన పనిలో గారడీ ఏమీ లేదు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ (బ్రిటిష్ కాలపు భూమి రికార్డు) నకలు తీయించారు, మా తాత కొన్న దస్తావేజు వెతికించారు, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం) తీయించారు. మూడూ జతచేసి కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టించి, ముట్టినట్టు ముద్ర వేయించుకోమన్నారు. మూడు నెలలు ఎదురుచూసి, జవాబు రాకపోతే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేశారు. 22ఏ జాబితాలు ఎలా తయారవ్వాలో 2015లోనే తెలుగు రాష్ట్రాల అప్పటి ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ మార్గదర్శకాలు చెప్పింది. దాన్ని పట్టుకునే ఆవిడ వాదించారు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి మా భూమిని జాబితాలోంచి తీసేసేదాకా పద్నాలుగు నెలలు పట్టింది. ముందే ఒక్కసారి ఆన్‌లైన్‌లో జాబితా చూసుకుని ఉంటే ఆ పద్నాలుగు నెలలు నాకు మిగిలేవి. మీరు మాత్రం ఈ వారమే చూసుకోండి.

ఆవిడ దగ్గరికి వచ్చే రైతుల్లో చాలామంది నోటీసును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెస్తారు. చెమటకు తడిసి, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. ఆవిడ దాన్ని బల్ల మీద పరిచి చేత్తో సాపు చేస్తారు. మొదట అడిగే మాట ఒకటే: "ఇది మీ చేతికి ఏ రోజు వచ్చింది?" ఆ తేదీని పెన్సిల్‌తో కాగితం మూల రాస్తారు. తర్వాత అది ఏ చట్టం, ఏ సెక్షన్ అని చూస్తారు. సర్వే నంబర్ పక్కన విస్తీర్ణం సెంట్లతో సహా ఉందా, జవాబుకు గడువెంత, సంతకం పెట్టిన అధికారికి ఆ అధికారం ఉందా అని చూస్తారు. ఇదంతా అయ్యాకే రైతు కథ వింటారు. కథ మీద ప్రేమ లేక కాదు. గడువు దాటితే ఆ కథ ఎక్కడా చెప్పుకోవడానికి ఉండదని ఆవిడ భయం. 2013 భూసేకరణ చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరం చెప్పడానికి ఇచ్చేది 60 రోజులు. మన ఊళ్లలో ఆ 60 రోజుల్లో సగం "ఏమవుతుందిలే, అందరికీ అయినట్టే మనకూ" అనుకోవడంలోనే గడిచిపోతుంది.

రాజ్యాంగం మనకేం పనికొస్తుంది, అది పెద్దవాళ్ల విషయం అని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు నాకూ అలాగే అనిపించేది. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది. దాని బదులు 300ఏ అధికరణ వచ్చింది. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని అది చెబుతుంది. చూడటానికి ఒక్క వాక్యమే. 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఒక్క వాక్యాన్ని విప్పి అందులో ఏడు హక్కులున్నాయని చెప్పింది. నోటీసు ఇవ్వాలి. మాట వినాలి. కారణాలు రాసి నిర్ణయం చెప్పాలి. ప్రజా ప్రయోజనం కోసమే తీసుకోవాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. పని సక్రమంగా, వేళకు జరగాలి. చివరకు ప్రక్రియ పూర్తయి భూమి ప్రభుత్వానికి చేరాలి, మధ్యలో వేలాడదీయకూడదు. ఈ ఏడింటినీ ఒక చిన్న కాగితం మీద రాసి గోడకు అంటించుకున్న రైతులు నాకు తెలుసు.

దీనికన్నా తక్కువమందికి తెలిసింది 31ఏ అధికరణలోని రెండో మినహాయింపు. 1964లో 17వ సవరణతో వచ్చింది. సీలింగ్ పరిమితి (ఒకరు ఉంచుకోగల భూమికి చట్టం పెట్టిన హద్దు) లోపల ఉండి, మనిషి స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకోవాల్సి వస్తే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. "స్వయంగా సాగు" అన్న ఆ మాట మీలాంటి వాళ్ల కోసమే. అందుకే అడంగల్‌లో (ఏ భూమిలో ఎవరు ఏ పంట వేశారో ఏటా రాసే రెవెన్యూ రికార్డు) సాగుదారు కాలమ్‌లో ఎవరి పేరు పడిందో ప్రతి ఏటా చూసుకోండి. పంట నమోదు చేసే సమయంలో ఊళ్లో లేకపోతే ఆ కాలమ్ ఖాళీగానో, ఇంకెవరి పేరుతోనో మిగిలిపోతుంది.

మీ పక్క పొలాలవాళ్లది అసైన్డ్ భూమి అయితే వాళ్లకు ఇంకో మాట చెప్పండి. "ఇది ప్రభుత్వం ఇచ్చిందే కదా, తీసుకుంటే మనకేమొస్తుంది" అని చాలామంది దళిత రైతులు ఊరుకుంటారు. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైనీకి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఈ ఒక్క తీర్పు తెలియక ఎన్ని కుటుంబాలు ఎంతో కొంత చేతిలో పెడితే చాలని సంతకాలు చేశాయో తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు రగులుతుంది.

మా లాయర్ గారికి ఈ దారి చూపించింది బాలగోపాల్ గారి తరం. ఆయన కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి, తర్వాత లాయరై, పేదల భూముల కేసులు నెత్తిన వేసుకున్నారు. 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదికలో 2009లో చనిపోయేదాకా పనిచేశారు. ఆ వేదిక ఇప్పటికీ ఊళ్లకు వెళ్లి నిజనిర్ధారణ చేస్తోంది. మీ ప్రాంతంలో భూసేకరణ గొడవ ఏదైనా జరిగి ఉంటే వాళ్ల నివేదిక కోసం వెతకండి. తెలంగాణ వైపు మీకు చుట్టాలుంటే, కౌలు రైతుల విషయంలోనూ ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాల విషయంలోనూ రైతు స్వరాజ్య వేదిక చేసే పని చూడమనండి. ఫీజుకు ఇబ్బంది అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే చాలు.

మా లాయర్ గారి వల్ల కానివీ చెప్పాలి. స్నేహితురాలు కదా అని మంచి మాత్రమే చెబితే అది మీకు మోసమే అవుతుంది. అన్నదమ్ముల పంపకాల కేసులు ఆవిడ తీసుకోరు. ఫోన్‌లో సలహా చెప్పరు, కాగితం చూడకుండా ఒక్క మాట అనరు. కేసు ఎన్నాళ్లు పడుతుందంటే చెప్పరు. ఎన్నాళ్లలో తేలుతుందో ముందే మాటిచ్చే లాయర్ మీకు దొరికితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక పొలం సంగతి. రెండెకరాల్లో సాగు చేసే అన్న, వదిన ఉన్నారు. ఇద్దరి గురించీ కలిపే చెప్పాలి, ఎందుకంటే అన్న దున్నుతాడు, మాట్లాడతాడు, వచ్చినవాళ్లకు చూపిస్తాడు, కానీ ఆ పొలం గుట్టంతా వదిన చేతిలో ఉంది. విత్తనాలు ఆవిడే దాస్తుంది. కందులూ పెసలూ బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు పరిచిన కుండల్లో పోసి, మూతికి గుడ్డ కట్టి పేడమన్నుతో మెత్తుతుంది. బీర, సొర, కాకర గింజలు చిన్న గుడ్డ మూటల్లో వాసానికి వేలాడుతుంటాయి. ఏ తీగ కాయ ఏదో ఆవిడకు రాసుకోనక్కర్లేదు. నాలుగేళ్ల కిందట నాకిచ్చిన గుప్పెడు తెల్ల అలసందల నుంచి ఇవాళ మా ఊళ్లో పదకొండు ఇళ్లకు విత్తనం చేరింది.

ఈ విత్తనం ఇచ్చిపుచ్చుకోవడం కూడా చట్టం ఇచ్చిన హక్కే. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ చదవండి. రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. చట్టరక్షణ ఉన్న రకాన్ని బ్రాండ్ వేసి ప్యాకెట్లలో అమ్మడం ఒక్కటే కూడదు. 2019లో ఒక పెద్ద కంపెనీ గుజరాత్‌లో ఆలుగడ్డలు పండించిన రైతుల మీద దావా వేసి, వాళ్లలో నలుగురి నుంచి తలా కోటికి పైగా అడిగింది. దేశమంతా రైతు సంఘాలు ఈ 39వ సెక్షన్ చూపించి నిలబడ్డాయి. మే నెలలో కంపెనీ ఆ దావాలు వెనక్కి తీసుకుంది. వదిన కుండలు నేను ఎప్పుడు చూసినా ఆ కేసు గుర్తొస్తుంది. మా లాయర్ గారు, వదిన ఒకరినొకరు రెండుసార్లే కలిశారు, కానీ ఇద్దరూ కాపాడుతున్నది ఒకే దాన్ని అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మీరు అక్కడికి వెళ్లాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. అందరి పొలాలూ ఎండి బీటలు తీసి ఉన్నప్పుడు వాళ్లది పచ్చగా ఉంటుంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లుతారు. జొన్న, సజ్జ, కంది, పెసర, మినుము, అలసంద, నువ్వు, ఆముదం, జనుము, జీలుగ, ఇంకా ఇంట్లో ఏముంటే అవి. గింజలకు బంకమట్టి, ఘన జీవామృతం (పేడ, బెల్లం, పప్పుల పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) పట్టించి ఉండలు చేస్తారు, చీమలు మోసుకుపోకుండా, ఎండకు మాడిపోకుండా. పైన గడ్డీ ఆకూ కప్పుతారు. ఒక్క వాన పడినా, మంచు తేమ తగిలినా మొలుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు, ఆ గడ్డి ఎత్తి చేయి పెట్టి చూశాను. కింద మట్టి చల్లగా, మెత్తగా ఉంది, వానపాము విసర్జించిన సన్నని మట్టి గుళికలు వేళ్లకు అంటుకున్నాయి. రెండు గట్ల అవతల నేల గడ్డపారకు కూడా లొంగడం లేదు.

జీవామృతం సంగతి వీడియోల్లో చూసే ఉంటారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మన్ను, నీడలో 48 గంటలు. కొలతలు ఎవరైనా చెబుతారు. దాన్ని ఎప్పుడు కలపాలో, వాసన ఎలా ఉంటే పనికొస్తుందో, ఎలా ఉంటే పారబోయాలో దగ్గరుండి నేర్చుకోవాల్సిందే. మొదటి రెండేళ్లు దిగుబడి తగ్గవచ్చు. అన్న ఆ మాట దాచడు. ఎకరానికి లక్షలు వస్తాయని చెప్పే వీడియోల జోలికి మాత్రం పోవద్దు. మీ మూడెకరాల్లో మొదటి ఏడు ఇరవై సెంట్లలో కూరగాయలు, ఆకుకూరలు పెట్టండి, మిగతాది నవధాన్యాలు, కంది, చిరుధాన్యాలు. కూరగాయల మీద వారం వారం చేతికి వచ్చే డబ్బులు మీకు ధైర్యం ఇస్తాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నేర్పుతోంది. మీ మండలంలో వాళ్ల సిబ్బంది ఎవరో కనుక్కోండి, కానీ అసలు నేర్చుకునేది మీ పక్క ఊరి రైతు దగ్గర.

వీలైతే కొన్ని చోట్లు కళ్లారా చూసి రండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దళిత మహిళా సంఘాలు పడావు భూముల్లో జొన్న, కొర్ర, సామ లాంటి పాత పంటలు నిలబెట్టాయి. 2008 నుంచి వాళ్లు నడిపే సంఘం రేడియో ఉంది. సంక్రాంతి రోజుల్లో మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు ఊరూరా తిప్పే జాతర చూడండి. పేద ఆడవాళ్లు తమ మాట తామే చెప్పుకోవడం, తమ గింజ తామే దాచుకోవడం రెండూ అక్కడ ఒకే చోట కనిపిస్తాయి. మీది అనంతపురం లాంటి నేలయితే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ల దగ్గరికి వెళ్లండి. 1990లో బీడుగా కొన్న కొండనేలను ఇవాళ అడవిగా చూడొచ్చు, వాళ్ల రైతుల సహకార సంఘం పంటకు ధర ఎలా కడుతుందో అడిగి తెలుసుకోవచ్చు. పత్తి, మిరప పండే ఊరైతే పునుకుల కథ చాలు. ఖమ్మం వైపు ఆ ఊరు పురుగుమందులు మానేశామని 2003లో ప్రకటించుకుంది.

అమ్మకం దగ్గర చాలామంది అనవసరంగా భయపడతారు. రైతు పొలంలో పండించిన పంటకు, పొలం దగ్గర ఉన్నంతవరకు, 2006 ఆహార భద్రతా చట్టం వర్తించదని 18వ సెక్షన్‌లోనే ఉంది. కూరగాయలు, ధాన్యం మీరు నేరుగా అమ్ముకోవచ్చు. గానుగ నూనె, పచ్చళ్లు, పొడులు చేసి అమ్మితే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి. "సేంద్రియం" అని చెప్పుకోవడానికి 2017 నిబంధనల్లో, నేరుగా తినేవాళ్లకే అమ్మే చిన్న రైతుకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది, కాకపోతే జైవిక్ భారత్ అనే ప్రభుత్వ సేంద్రియ గుర్తు వేసుకోకూడదు. తర్వాత పక్క రైతులు కలిస్తే పీజీఎస్ బృందం కట్టుకోండి. అందులో ఒకరి పొలం ఒకరు చూసి పూచీ పడతారు. ఆ పూచీ కాగితం కన్నా, ప్రతి సీజన్‌లో నలుగురు మీ పొలంలో నడిచి తప్పులు చెప్పడమే పెద్ద లాభం.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. మూడెకరాలూ మీరే చేయలేక ఒక ఎకరం కౌలుకు ఇస్తారు, చూడండి. అప్పుడు కౌలుదారు సాగుదారు హక్కు కార్డు కోసం మీ సంతకం అడుగుతాడు. మన రాష్ట్రంలో 2019 చట్టం ప్రకారం ఆ ఒప్పందం 11 నెలలకే. దానివల్ల భూమి మీద అతనికి ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే స్పష్టంగా ఉంది. అయినా భయపడి సంతకం పెట్టని యజమానులే ఎక్కువ. దాంతో వాన కొట్టి పంట పోతే కౌలు రైతుకు పరిహారం రాదు, బ్యాంకు అప్పు పుట్టదు, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాలి. మీ హక్కు కోసం లాయర్ దగ్గరికి వెళ్లే మీరు, మీ పొలంలో చెమట కార్చే మనిషి కార్డు మీద సంతకం పెట్టండి. దయచేసి పెట్టండి.

పేర్లు, ఫోన్ నంబర్లు నలుగురూ చూసేచోట రాయను. వాళ్లను ముందుగా అడిగి, మీకు విడిగా పంపుతాను. లాయర్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు అడంగల్, వన్‌బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రికార్డు), పాస్‌బుక్, మీ తాతల నాటి దస్తావేజు ఏదున్నా తీసుకెళ్లండి. పొలం హద్దు కొలతలు కాగితంతో సరిపోతున్నాయో లేదో ఎఫ్ఎంబీ (సర్వేవాళ్ల పొలం కొలతల పటం) నకలు తీయించి చూసుకోండి. ఆఫీసులో ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆవిడ ఫీజు అడగడానికి మొహమాటపడతారు, మీరే అడిగి ఇవ్వండి. అన్నావదినల దగ్గరికి ఏప్రిల్ చివరి వారంలో వెళ్లండి, ఒక్కరోజుకు కాదు, మూడు రోజులు ఉండేలా. వదినకు ఇవ్వడానికి మీ అమ్మగారి పెరట్లోనో, మీ ఊరి పాత రైతు దగ్గరో దొరికిన నాటు గింజలు గుప్పెడు పట్టుకెళ్లండి. ఆవిడ ముందు వాటిని అరచేతిలో పోసుకుని, ఏ ఊరివి, ఏ నెలలో కాస్తాయి అని అడుగుతుంది. తెలుసుకుని వెళ్లండి.